మా ఇంటి బడికి సెలవులు లేవు

ఏప్రిల్ చివరి వారంలో మా సందులో పిల్లలందరికీ సెలవులిచ్చేశారు. ఆ మధ్యాహ్నం కింద మొదలైన గోల విని మా పిల్లలిద్దరూ కిటికీకి అతుక్కుపోయారు. కొడుక్కి పన్నెండేళ్ళు, కూతురికి తొమ్మిది. "మనకెప్పుడమ్మా సెలవులు?" అని కూతురు అడిగింది. "బడికెళ్ళేవాళ్ళకి కదా సెలవులు. మనకి బడే లేదు, ఇంక సెలవులెందుకు? మనం ఏడాది పొడుగునా ఆడుతూ పాడుతూ నేర్చుకుంటాం" అన్నాను చాలా గొప్పగా. ఆ మాట అంటున్నప్పుడు నా చేతిలో చెక్క స్కేలుంది. కొట్టడానికి కాదు, నోటుబుక్కులో మార్జిన్లు గీయడానికి. చూసేవాళ్ళకి ఆ తేడా తెలియదు.

మేముండేది విశాఖపట్నం పాతనగరంలో, ఒక ఇరుకు సందులో, మేడమీద వాటాలో. మా ఆయనది గోదావరి జిల్లా. పోర్టులో ఉద్యోగం రావడంతో ఇక్కడ స్థిరపడ్డాడు. నేను పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ఎనిమిదేళ్ళు పెందుర్తి వైపు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. కరోనాలో బళ్ళు మూతపడినప్పుడు పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు మొదలుపెట్టాను. తర్వాత ఊళ్ళో బళ్ళన్నీ తెరిచారు, నేను మాత్రం పిల్లల్ని పంపలేదు. ఎందుకని అడిగిన పాపానికి ప్రతివాళ్ళకీ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. బళ్ళో బట్టీ పట్టిస్తారనీ, పిల్లలకి పుట్టుకతో వచ్చిన కుతూహలాన్ని చంపేస్తారనీ అరగంటకి తక్కువ కాకుండా చెప్పేదాన్ని. పెళ్ళిళ్ళలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండడం అప్పట్నుంచే మొదలైంది.

ఉపన్యాసంలో లోపం లేదు. చిక్కల్లా నా కూతురికి చదవడం రాకపోవడమే. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వత్తులు కూడా గుర్తుపడుతుంది. పేజీ చేతికిచ్చి చదవమంటే మాత్రం నోరు పెగలదు. కాలి బొటనవేలి వైపు చూస్తూ అలా నిలబడిపోతుంది, నేను కసురుకున్నా బుజ్జగించినా అంతే. పైకి మాత్రం "ఏ పిల్లకైనా తన సమయం తనకుంటుంది" అని అందరికీ సర్దిచెప్పేదాన్ని. లోపల భయంతో చచ్చిపోయేదాన్ని. నా పంతానికి పిల్లని పాడుచేశానేమో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చేస్తున్న పని చేస్తున్నట్టే ఆగిపోయేది. ఆ ఏడాది ఎన్ని పోపులు మాడాయో చెప్పలేను.

మా ఆయన మితభాషి. మే నెల మొదట్లో ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ దగ్గర్లోని బడి నుంచి అడ్మిషన్ ఫారమ్ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. "చూడు, నీతో వాదించే ఓపిక నాకు లేదు. బళ్ళు తెరిచేలోగా పాప నా ముందు ఒక్క పేజీ చదివితే ఆ ఫారమ్ చించేద్దాం. లేదంటే నాలుగో తరగతిలో చేర్పిద్దాం. ఏమంటావు?" అన్నాడు. అనడానికేముంది, న్యాయమైన మాట. న్యాయమైన మాటలంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట.

ఇక ఆ వేసవి ఎలా గడిచిందో పిల్లలే చెప్పాలి. చదువు అన్న మాట ఎత్తకుండా చదివించాలని పథకం వేశాను. అంటే ఇంట్లో ఏం జరిగినా దానికో నోటుబుక్కు పెట్టడమన్నమాట. పుచ్చకాయ కోస్తే గింజలు లెక్కపెట్టి రాశాకే తినాలి. కరెంటు పోతే కొవ్వొత్తి ఎంతసేపటికి ఎంత కరిగిందో కొలవాలి. ఆవకాయకి కారం, ఉప్పు, ఆవపిండి పాళ్ళు భిన్నాల్లో రాయించాను. వాళ్ళు రాసేసరికి ఆలస్యమై, కంగారులో నేనే ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ సంగతి మాత్రం ఏ నోటుబుక్కులోనూ లేదు.

మావాడికి ఓడల కూతలంటే ఇష్టం. మంచం మీద పడుకునే, కూత విని అది పెద్ద ఓడో, ఓడల్ని లాగే టగ్గో చెప్పేవాడు. నేను ముచ్చటపడి తేదీ, సమయం, ఎంతసేపు కూసింది అని గళ్ళు గీసి పట్టిక తయారుచేసి ఇచ్చాను. నాలుగోరోజు నుంచి వాడికి ఓడలు వినపడడం మానేశాయి. మేడమెట్ల కింద పిల్లి ఈనితే కూతురు పిల్లలకి పేర్లు పెట్టుకుంది. వెంటనే "పిల్లి జీవితం" అని అట్టమీద పెద్దక్షరాలతో రాసి చేతికిచ్చాను. వారం తిరక్కుండా ఆ పిల్లి కూడా పిల్లల్ని నోట కరుచుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం యారాడ బీచికి తీసుకెళ్ళాను. పీతల మీద పది ప్రశ్నలు రాసుకెళ్ళి, ఇసుకలో దిగీదిగగానే చెరో కాగితం చేతిలో పెట్టాను. వలల దగ్గర చేపలు ఏరుతున్న ఒకావిడ మమ్మల్ని కాసేపు చూసి, "ఏటమ్మా, పరీచ్చలేటి? సముద్రం కాడ కూడా పిల్లల్ని కూకోబెట్టి రాయించేత్తన్నావు" అంది. నాకు రోషం వచ్చి, ఇది పరీక్ష కాదనీ అనుభవం ద్వారా నేర్చుకోవడమనీ వివరించబోయాను. ఈలోపే మావాడు రాయడం అయిపోయిందని కాగితం చేతికిచ్చాడు. పది జవాబులూ తప్పుల్లేకుండా ఉన్నాయి. ముందురోజే నా ప్రశ్నలు చూసేసి వాడు జవాబులు పెన్సిలుతో రాసుకున్న కాగితం ఇంటికొచ్చాక దొరికింది. పీతని వాడు కన్నెత్తి కూడా చూడలేదు.

మా మెట్లు దిగగానే ఒక బైండింగు షాపుంది. దాన్ని నడిపే ముసలాయన్ని సందులో అందరూ సాయిబుగారంటారు, పిల్లలు తాతా అంటారు. ఆ షాపు మీదే ఆ కుటుంబం మూడు తరాలుగా బతుకుతోంది. మే నెల నడిమికి వచ్చేసరికి కూతురు మధ్యాహ్నాలు అక్కడికి పోవడం మొదలుపెట్టింది. వెళ్తే వెళ్ళింది, ఉత్తినే ఎందుకని "బైండింగు పనిముట్లు - పది" అని ఒక కాగితం ఇచ్చి పంపాను. పోయిందంది. ఇంకోటిచ్చాను, అదీ పోయింది. మూడోది మైదాపిండి జిగురులో పడిందంది. నాలుగోది రాయడానికి నాకే విసుగేసింది. పోనీ, ఆ షాపు మా మేడకన్నా చల్లగా ఉంటుంది కదా అని ఊరుకున్నాను.

మే నెలాఖరుకి నా దగ్గర నిండిన నోటుబుక్కులు ఏడున్నాయి. కూతురు చదవకపోయినా ఇన్ని రాసిందని చూపిస్తే మా ఆయన మెత్తబడతాడేమోనని ఆశ. నిజానికి అందులో సగం నేను చెబుతుంటే రాసినవి, మిగతా సగం అన్నని చూసి రాసినవి. ఏడింటినీ కలిపి మంచి అట్ట వేయించుదామని మెట్లు దిగాను. షాపు గుమ్మానికి ఒక పాత కర్టెను వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీయబోతుంటే లోపల్నుంచి నా కూతురి గొంతు వినిపించింది, ఇంట్లో మాటలా కాదు, అచ్చం సందు యాసలో.

"ఇది కాదు తాతా. ఈ కాయితం కింద 'బెల్లం పాకం తీగ సాగగానే' అని ఆగిపోనాది. దాని తరవాత 'చేప ముక్కలకు పసుపు పట్టించి' అని ఎలగొత్తాది?"

"అల్లా... ఆ కూర ఎవులు తింతారు? సరిగా సూడు బేటీ" అన్నాడాయన, నవ్వుతూ.

కర్టెను సందులోంచి చూశాను. ఎవరిదో పాత వంటల పుస్తకం, కుట్లు ఊడిపోయి విడివిడి కాగితాలయ్యి నేలంతా పరిచి ఉంది. అంచులు చెద తినేయడంతో ఒక్క పేజీకీ అంకె లేదు. సాయిబుగారికి ఉర్దూ చదవడం వచ్చు. తెలుగులో అంకెలూ పేర్లూ వరకే. నా కూతురు ఆ కాగితాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో కాగితం చివరి వాక్యం పైకి చదివి, దానికి అతికే మొదలు ఏ కాగితంలో ఉందో వెతుకుతోంది. తడుముకోవడం లేదు. "వేయించి", "దించి", "చల్లార్చి" అని గబగబా చదువుకుంటూ పోతోంది. "ఆఁ, దొరికింది. 'సాగగానే నువ్వులు వేసి కలిపి ఉండలు చుట్టవలెను'. ఇదిగో తాతా, ఇది పెట్టు" అంది. ఆయన ఆ రెండు కాగితాలూ జతచేసి పక్కన పెట్టాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల పాడైపోలేదు. ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియక చేతిలో ఉన్న ఏడు నోటుబుక్కుల్ని గుండెలకి హత్తుకున్నాను. ఒక్క అడుగు లోపలికి వేసి దాన్ని ఎత్తుకుని, అక్కణ్ణుంచే మా ఆయనకి ఫోను చేద్దామనుకున్నాను. అంతలో సాయిబుగారు అన్నాడు, "ఇంత బాగా సదువుతన్నావు, మీయమ్మకి సెప్పాల బేటీ. కుశీ అయిపోద్ది."

"వద్దు తాతా" అంది నా కూతురు, తల ఎత్తకుండానే. "సెప్తే దీనికీ నోటుబుక్కు పెట్టేత్తాది. అప్పుడిక నాను ఇక్కడికి రాను."

నేను చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి మెట్లెక్కాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? సాయంత్రం పప్పు కడిగి పొయ్యి మీద పెట్టబోతూ ఒక తెల్లకాగితం తీసి, "ఈ వాక్యాలను సరైన క్రమంలో అమర్చుము" అని రాసి, కింద చక్కగా గీత కూడా గీశాను. గీత గీశాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యి వెలిగించుకున్నాను. గ్యాసు పొయ్యికి కాగితం అక్కర్లేదు, కానీ కాల్చకపోతే మళ్ళీ అతికిస్తానని నా సంగతి నాకు తెలుసు.

జూన్ మొదటి ఆదివారం మా ఆయన ఫ్రిజ్ మీదున్న ఫారమ్ కిందకి తీశాడు. కూతుర్ని పిలిచి ఆరోజు పేపరు చేతికిచ్చి, "ఏదీ, ఇక్కణ్ణుంచి చదువమ్మా" అన్నాడు. పిల్ల పేపరు పట్టుకుని బొటనవేలి వైపు చూడడం మొదలుపెట్టింది. ఆయన వేలితో లైను కూడా చూపించాడు, లాభం లేదు. ఆయన నా వైపు తిరిగి, "ఏమంటావు?" అన్నాడు.

మాట గొంతు దాకా వచ్చింది. అది చదువుతుంది, నా చెవులారా విన్నాను, కావాలంటే కిందకి వచ్చి చూడు అంటే చాలు, నా పంతం నెగ్గుతుంది. కానీ ఆ మాట అంటే, ఆ షాపులోకి కూడా నేను వచ్చేశానని పిల్లకి తెలిసిపోతుంది. ఊరు మొత్తంలో నేను లేని చోటు దానికి అదొక్కటే. మాట మింగేశాను. అంత చేదు మాత్ర నేను ఎప్పుడూ మింగలేదు. "ఫారమ్ నింపుదాం" అన్నాను.

మా ఆయన నమ్మలేనట్టు చూశాడు. పక్కనే ఉన్న కొడుకు కంగారుగా, "నన్ను చేర్పించకండి. నాకు ఇంట్లోనే బాగుంది" అన్నాడు. బాగుండక ఏం, నన్ను ఎలా మేనేజ్ చేయాలో నేర్చేసుకున్నాడు. ఆయన పెన్ను తెచ్చుకుని, కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటున్నాడు. కూతురు పేపరు కింద పడేసి ఫారమ్ అందుకుంది.

"విద్యార్థి పూర్తి పేరు. పుట్టిన తేదీ. తండ్రి వృత్తి. తల్లి వృత్తి. ఇంతకు ముందు చదివిన పాఠశాల. పైన తెలిపిన వివరాలన్నియు వాస్తవములని ధ్రువీకరిస్తున్నాను" అని ఒక్క గుక్కలో చదివేసి, "ఏది ముందు నింపాలి నాన్నా?" అని అడిగింది.

మా ఆయన కళ్ళజోడు మాటే మర్చిపోయాడు. "ఓసి నీ... ఇది చదువుతోందే" అన్నాడు నాతో. అవునన్నట్టు తలూపాను. ఆయన నవ్వి, "సరే, మాట మాటే. చించేద్దామా అయితే?" అని కూతురి చేతిలో ఫారమ్ తీసుకోబోయాడు. పిల్ల దాన్ని వెనక్కి దాచుకుంది.

"వద్దు నాన్నా. నేను బడికెళ్తాను."

"ఎందుకే?" అన్నాను నేను. ఇన్నేళ్ళలో బడి గురించి దాన్ని ఒక్క ప్రశ్న అడగడం అదే మొదలు.

అది నన్ను జాలిగా చూసింది. "బళ్ళో టీచరు నాలుగింటికి ఎళ్ళిపోద్దంట. నేనూ ఇంటికి వచ్చేస్తాను. అప్పుడింట్లో అమ్మ ఉంటుంది కదా."

ఇన్నేళ్ళూ ఇంట్లో ఉన్నదెవరే అని గట్టిగా అరవాలనిపించింది. కానీ అడిగితే అది నిజమే చెబుతుంది. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని ఫారమ్ నేనే నింపాను.