తామరపువ్వు మీద సిలువ

అమెరికా వచ్చాక బాతెల్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కున్న ఏడాది క్రిస్మస్‌కి అరిసెలు వండాను. నేను పుట్టింది తెనాలి దగ్గర క్రైస్తవుల ఇంట్లో. మాకు పండగంటే అరిసెలే. మా ఎడమ పక్క ఇంట్లో డెబ్బై ఐదు దాటిన చైనా పెద్దాయన ఒక్కరే ఉంటారని విని, డబ్బాలో నాలుగు పెట్టుకుని వెళ్ళి బెల్ కొట్టాను.

ఆయన డబ్బా రెండు చేతులా అందుకుని, మూత తీసి వాసన చూశారు. "నువ్వులు!" అన్నారు సంతోషంగా. "లోపలికి రండి. ముందు మా ఆవిడకి పెట్టాలి."

ఒక్కరే ఉంటారన్నారు కదా, ఈ ఆవిడెవరా అనుకుంటూ చెప్పులు విప్పి లోపలికెళ్ళాను. హాల్లో గోడ పక్కన చిన్న బల్ల. దాని మీద ఒకావిడ ఫోటో, నిలువునా చైనా అక్షరాలు చెక్కిన చెక్కపలక, బూడిద నింపిన ఇత్తడి గిన్నె, మూడు కమలాపళ్ళు. పైన గోడకి సిలువ. ఆయన ఒక అరిసె ప్లేట్‌లో పెట్టి ఫోటో ముందుంచారు. మూడు అగరొత్తులు వెలిగించి గిన్నెలో గుచ్చారు. మూడుసార్లు నడుం వంచి నమస్కారం చేశారు. ఆ తర్వాత చేతులు జోడించి, తలెత్తి సిలువ వైపు చూసి "ఆమెన్" అన్నారు.

నేనేమో పక్కింటివాళ్ళు ప్రసాదం ఇస్తే తీసుకుని, తినకుండా తెచ్చి అమ్మకిచ్చేసే ఇంట్లో పెరిగినదాన్ని.

"మీరు క్రిస్టియన్సేనా?" అనడిగాను చివరికి.

"నాలుగు తరాల నించీ," అన్నారు. ఇంకేం చెప్పాల్సింది లేదన్నట్టు కెటిల్ ఆన్ చేయడానికి వెళ్ళారు.

సిలువ పక్కన ఫ్రేమ్ కట్టిన నల్లటి కాగితం ఒకటి వేలాడుతోంది. అది రాతి మీద కాగితం పరిచి సిరా అద్ది తీసిన అచ్చట. అందులో కూడా చిన్న సిలువ. చుట్టూ మేఘాలు, కింద విచ్చుకున్న పువ్వు. "తామరపువ్వు కదా ఇది?" అన్నాను. ఆయన టీ కప్పుతో అక్కడే ఆగిపోయారు. "ఇన్నేళ్ళలో మా ఇంటికొచ్చి అడక్కుండానే చెప్పింది మీరొక్కరే," అన్నారు.

అట్లా మొదలైంది మా స్నేహం. ఆయన కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. శనివారాలు మధ్యాహ్నం టీకి పిలిచేవారు. నేను పులిహోరో, చేగోడీలో పట్టుకెళ్ళేదాన్ని. ఆయన మాత్రం ఆ రాతి గురించే చెప్పేవారు, నేనే ఆయన ఆఖరి స్టూడెంట్‌ని అన్నట్టు.

పదమూడు, పధ్నాలుగు వందల ఏళ్ళ కిందట పర్షియా వైపు నించి సన్యాసులు కొందరు సరుకుల బిడారులు నడిచే దారిన చైనా రాజధానికి వచ్చారట. చక్రవర్తి వాళ్ళ మాట విని, ఉండండి, మీ గుడి కట్టుకోండి అన్నాడట. వాళ్ళ దగ్గరున్న పుస్తకాలు ఆ దేశపు భాషలోకి మార్చాలి. దేవుడికీ, ఆత్మకీ, రక్షణకీ అక్కడ మాటలెక్కడివి? బౌద్ధుల దగ్గర కొన్ని, తావో మతం వాళ్ళ దగ్గర కొన్ని తీసుకున్నారు. తల్లిదండ్రుల్ని గౌరవించమన్న దాన్ని అక్కడివాళ్ళు అప్పటికే ప్రాణంగా చూసుకునేవారు కాబట్టి, దాన్ని బాగా ముందుకి తెచ్చి రాశారు. తర్వాత తమ కథంతా పెద్ద రాతి మీద చెక్కించి, పైన తామరలో సిలువ నిలబెట్టారు. మొత్తం రెండు వందల ఏళ్ళు అట్లా సాగి, ఒక చక్రవర్తి పరాయి మతాలొద్దనడంతో చెదిరిపోయారు. రాయి మట్టిలో కూరుకుపోయింది. ఎన్నో వందల ఏళ్ళకి ఎవరో తవ్వుతుంటే బయటపడింది.

"అన్నీ కలిపేసుకున్నారు కాబట్టే పోయారంటారు కొందరు," అన్నారొకసారి. "కలుపుకున్నారు కాబట్టే రెండు వందల ఏళ్ళయినా ఉన్నారని నేనంటాను."

ఆ రోజే ఆయనకి మా నాయనమ్మ సంగతి చెప్పాను. సమాధుల పండగకి అందరం సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. నాయనమ్మ మాత్రం కొంగులోంచి చుట్ట తీసి తాతయ్య సమాధి మీద పెట్టేది. ఒక ఏడు పాస్టరుగారు చూసి, "ఇవన్నీ అన్యుల పనులమ్మా," అని దాన్ని తీసి అవతల పారేశారు.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "మీ నాయనమ్మ ఏమంది?" అనడిగారు.

"ఏమీ అనలేదండీ. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు."

ఆయన లేచి నా కప్పులో టీ నింపారు.

ఆయనకి ఒక్కతే కూతురు. టెక్సాస్‌లో పళ్ళ డాక్టరు. ఆవిడ వెళ్ళే చర్చిలో అగరొత్తులు వెలిగించడం, ఫోటోకి వంగి నమస్కరించడం విగ్రహారాధన కిందే లెక్క. ఆవిడ వస్తోందనగా ఒక రోజు ఆయన అట్టపెట్టె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఒక వారం మీ ఇంట్లో ఉంచగలరా?"

లోపల టవల్లో చుట్టి ఆ ఫోటో, చెక్కపలక, ఇత్తడి గిన్నె ఉన్నాయి. లాండ్రీ రూమ్‌లో డ్రయర్ పైనున్న అరలో పెట్టాను. మావారు చూసి, "ఏంటది?" అన్నారు.

"పక్కింటాయన సామాను."

"లోపల ఏముందో తెలిసే తెచ్చావా?"

"తెలుసు."

"శుక్రవారం మనింట్లో ప్రేయర్ మీటింగ్ ఉంది, గుర్తుందా?"

"గుర్తుంది. లాండ్రీ రూమ్‌లోకి ఎవరొస్తారండీ?"

ఆ శుక్రవారం హాల్లో అందరూ పాటలు పాడుతుంటే నా మనసు ఆ అర మీదే ఉంది. దేవుడికి భయపడుతున్నానో, మనుషులకి భయపడుతున్నానో నాకే తెలీలేదు.

కూతురు చెడ్డ మనిషైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. కాదు. వచ్చినప్పుడల్లా తండ్రికి నెల రోజులకి సరిపడా సూపులు వండి ఫ్రీజర్‌లో పెట్టి వెళ్ళేది. నిచ్చెనెక్కి చూరు గొట్టాల్లో ఆకులు తీసేది. ఒకసారి కంచె దగ్గర నిలబడి, "అమ్మ పోయాక నాన్న ఆ పాత అలవాట్లన్నీ మానేశారు. దేవుడి దయ," అంది నాతో. నేను తలూపాను. మూడేళ్ళలో ఆ పెట్టె ఐదుసార్లు మా ఇంటికొచ్చింది. ప్రతిసారీ నేను తలూపుతూనే ఉన్నాను.

ఐదోసారి వచ్చిన పెట్టె తిరిగి వెళ్ళలేదు. కూతురు వచ్చిన రెండో రోజు పొద్దున టిఫిన్ తింటూ తింటూ ఆయన కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. హాస్పిటల్ నించి రీహాబ్ సెంటర్‌కి మార్చాక చూడ్డానికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన ఎడమ చెయ్యి లేచింది. నోట్లోంచి మాట కాని శబ్దం వచ్చింది. రాసుకోడానికని నర్సు తెచ్చిన పలకా, మార్కరూ కూతురు ఆయన ఒళ్ళో పెట్టింది.

అలవాటు లేని చేత్తో ఆయన నెమ్మదిగా నిలువు గీత గీశారు. దాని మీద అడ్డగీత. కింద వంకర టింకరగా రెండు మూడు రెక్కలు.

"సిలువ!" అంది కూతురు. ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "నాన్నా, ప్రార్థన చేద్దామా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్ళీ మార్కర్ పట్టుకుని సిలువ కింద పక్కపక్కనే మూడు పొట్టి గీతలు గీశారు. నిలువుగా, సన్నగా. గీసి, నా వంక చూశారు.

అవేమిటో నాకు తెలుసు. ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

కూతురు పలక వంక కాసేపు చూసి, "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ," అంది మెల్లగా. వంగి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆయన ఎడమ చేత్తో మంచం అంచు మీద కొట్టారు. ఒకసారి, రెండుసార్లు.

"ఆయన..." అన్నాను నేను.

"ఏంటి?" అంది ఆవిడ.

ఇంత సంతోషంగా ఉన్న మనిషితో, మీ నాన్న మూడేళ్ళుగా మీ దగ్గర దాచారని ఎట్లా చెప్పను? ఆయన దాచుకున్నది ఆయన ముందే బయటపెట్టే హక్కు నాకెక్కడిది? "ఏం లేదు. అలిసిపోయినట్టున్నారు," అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

తర్వాత ఇంకో నాలుగుసార్లు వెళ్ళాను. పలక పక్కనే ఉన్నా ఆయన మళ్ళీ మార్కర్ ముట్టుకోలేదు. మూడు వారాలకి న్యుమోనియా వచ్చి పోయారు.

ఫ్యునరల్‌కి ముందు రోజు ఇక ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు వంటింట్లో గిన్నెలు కాగితాల్లో చుడుతోంది. నిలబడే అంతా చెప్పేశాను. పెట్టె, అగరొత్తులు, మూడు గీతలు, అన్నీ. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను.

"నేనొస్తున్నానని తెలిసి దాచేవారా?" అంది.

"అవును."

"మా అమ్మ ఫోటోని?"

నేను తలొంచుకున్నాను.

ఆవిడ చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "నన్ను చూసి భయపడ్డారన్నమాట," అంది. ఇంకోసారి కూడా అదే మాట అంది. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను.

"రేపు పెట్టె తీసుకురమ్మంటారా?" అనడిగాను.

ఆవిడ గిన్నె కింద పెట్టింది. "నేను నమ్మేది నిజంగా నమ్ముతున్నాను," అంది. "ఆయన కోసం ఒక్కరోజు నమ్మనట్టు నటించలేను. అట్లా అని ఆయన అడిగింది కాదనీ అనలేకపోతున్నాను. నాకు చేత కావట్లేదు." నన్నే ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నట్టు చూసింది.

ఏమీ తేలకపోయినా మర్నాడు పెట్టె కార్ ట్రంక్‌లో పెట్టుకునే వెళ్ళాను. చర్చి పార్కింగ్‌లో సన్నగా జల్లు పడుతోంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. అందరూ వరసగా శవపేటిక దగ్గరికి వెళ్తుంటే, ఆయన వయసు స్నేహితుడొకాయన చేతికర్ర కుర్చీకి ఆనించి, పక్కనే పెట్టిన పెద్దాయన ఫోటో ఎదుట నిలబడి నడుం వంచాడు. రెండోసారి వంచబోతుంటే పాస్టరు వచ్చి, కఠినంగా ఏం కాదు, భుజం మీద చెయ్యి వేసి, "రండి, కూర్చుందురు గాని," అని నడిపించుకెళ్ళాడు. ముందు వరసలో కూతురు సగం లేచింది. మళ్ళీ కూర్చుంది. నా చేతిలో కార్ తాళంచెవి ఉంది. నేను కూడా కూర్చునే ఉన్నాను.

ఇల్లు అమ్మకానికి పెట్టి వెళ్ళేటప్పుడు ఆవిడ మా ఇంటికొచ్చింది. రాతి అచ్చు మాత్రం తనతో తీసుకెళ్తానంది. "ఆ పెట్టె మీ దగ్గరే ఉండనివ్వండి. తీసుకెళ్ళలేను. పారేయమనీ చెప్పలేను," అంది.

అది ఇప్పటికీ అదే అరలో ఉంది. అగరొత్తులు వెలిగించే హక్కు నాకుందో లేదో తెలీదు. వెలిగించకుండా ఉంచితే ఫోటోలో ఉన్నావిడని చీకట్లో కూర్చోబెట్టినట్టు అనిపిస్తుంది. మావారు కూడా దాని గురించి అడగడం మానేశారు.

మొన్న ఏప్రిల్‌లో కూతురు టెక్సాస్ నించి ఫోన్ చేసింది. కుశలాలయ్యాక అసలు సంగతికొచ్చింది.

"ఒకటి అడగనా? అగరొత్తులు వెలిగించాక నాన్న అమ్మతో ఏమైనా మాట్లాడేవారా?"

"మాట్లాడేవారు. కొన్నిసార్లు చాలాసేపు."

"ఏమనేవారు?"

చెప్పాలని ఎంత ఆత్రపడ్డానో నాకే తెలుసు. ఆ గొంతు నాకు గుర్తుంది. మధ్యలో నవ్వడం గుర్తుంది. ఎక్కడ ఆగి జవాబు కోసం చూసేవారో కూడా గుర్తుంది.

"ఆయన మీ భాషలో మాట్లాడేవారమ్మా," అన్నాను. "నాకు ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదు."

ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.