రెండో కాపీ మీద సీలు

మా టీచరమ్మ పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను ఆమె జాకెట్టుకే హుక్కులు కుడుతున్నాను. పోయిన మంగళవారం, పొద్దున తొమ్మిది కూడా కాలేదు. పాలు పోసే ఆమె నా కొట్టు ముందు ఆగి, "టీచరమ్మ లేవలేదమ్మా. నిద్రలోనే పోయినట్టుండాది" అంది. వెంటనే లేవలేకపోయాను. మిగిలిన రెండు హుక్కులూ కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచాను. ఆదివారం చర్చికి వేసుకోవాలని ఆమె కుట్టమన్న తెల్ల జాకెట్టు అది. సమాధి పెట్టెలో ఆమెకు దాన్నే తొడిగారు. కొలత సరిపోయింది.

ఉదయగిరిలో మా ఇంటికి ఆనుకునే ఆమె ఇల్లు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలా" అనేది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ కాగితం రాసినా రెండు కాపీలు రాసేది. కరెంటు ఆఫీసుకి అర్జీ పెట్టినా రెండే, పింఛను కోసం రాసినా రెండే. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద సీలు వేయించుకుని బిస్కెట్ల డబ్బాలో దాచేది. వీధిలో వాళ్లు చాటుగా సీలు టీచర్ అనేవాళ్లు. నేనూ అన్నాను, దాచుకోవడమెందుకు.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం నా ఫోనుకి మెసేజి వచ్చింది. నా ఖాతాలో నలభై ఎనిమిది వేలు పడ్డాయని. నాకు అంత డబ్బు పంపేవాళ్లు ఈ భూమ్మీద లేరు. అప్పుడు నాకు డబ్బు అవసరం ఎట్లా ఉందంటే, ఒక ప్రైవేటు బడి వాళ్లు యూనిఫారాలు కుట్టమన్నారు. తొక్కుడు మిషను మీద గడువులోపల అవి కావు. వింజమూరులో పాత పవర్ మిషను ఒకటి బేరానికి ఉంది. శనివారం లోపల డబ్బు కడితే నాది, లేకపోతే ఇంకొకరిది. ఆ ఆర్డరు పోతే ఆ బడి గడప మళ్లీ ఎక్కలేను. ఆ రోజు బుధవారం.

ఫోను పట్టుకుని పక్కింటికి పరుగెత్తాను. "దేవుడే ఇచ్చినాడు టీచరమ్మా" అన్నాను. ఆమె కళ్లజోడు తుడుచుకుని మెసేజి రెండుసార్లు చదివింది.

"దేవుడికి నీ అకౌంటు నంబరు తెలిసే ఉంటాది. ఎవరిదో తీసి నీకెందుకు వేస్తాడు మే? ఇది బ్యాంకు చేసిన పని. ఎవరి పనికో పోవాల్సిన డబ్బు దారి తప్పి వచ్చుండాది."

"వాళ్లు అడిగినప్పుడు ఇస్తాను. ఈలోపల మిషను కొనుక్కుంటే, కుట్టి కట్టేయొచ్చు గదా."

"అడిగిన రోజున నీ దగ్గర లేకపోతే? దాన్ని తాకబాక. తీసి ఎవరి చేతికీ ఇయ్యబాక. కాగితం తీసుకో, రాద్దాం."

రాసింది నేనే, ఆమె చెప్పింది. 'నాది కాని డబ్బు నా ఖాతాలో పడింది. ఎవరిదో చూసి వారికి చేర్చవలసింది.' అంతే ఉత్తరం. రెండు కాపీలు రాయించింది. రెండోదాంట్లో ఒక అక్షరం కొట్టేశానని మళ్లీ రాయించింది.

నా ఖాతా ఆత్మకూరులో ఉంది, పుట్టిల్లు అక్కడే కాబట్టి పెళ్లికి ముందే తెరిచాను. మర్నాడు పొద్దున ఇద్దరం బస్సెక్కాం. ఆడవాళ్లకి ఉచితం కదా, కండక్టరు ఇచ్చిన సున్నా టికెట్టుని కూడా ఆమె మడిచి పర్సులో పెట్టుకుంది. దారి పొడుగునా ఒళ్లు మండుతోంది నాకు.

బ్యాంకులో కౌంటరు దగ్గరి అబ్బాయి ఉత్తరం చదివి నవ్వాడు. "ఎవురూ కంప్లయింటు ఇయ్యలేదమ్మా. వస్తే మేమే వెనక్కి తీసుకుంటాం. మీకేంది తొందర?"

"నాకు తొందరేమీ లేదు నాయనా" అంది టీచరమ్మ. "సాయంత్రం దాకా కూర్చుంటాను. రెండోదాని మీద సీలు వేస్తే పోతాను."

నిజంగానే బెంచీ మీద కూర్చుంది. ఒంటిగంటకి క్యారియరు తెరిచి నిమ్మకాయ అన్నం నాకింత పెట్టి, తనింత తింది. బ్యాంకంతా తాలింపు వాసన. ఆ అబ్బాయికి కూడా మూతలో పెట్టి ఇచ్చింది. తిన్నాడు. తిన్నాక సీలు వేశాడు. తారీఖు కూడా వెయ్యమంది, వేశాడు.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగేశాను, చెప్పి ఊరుకుంటే చాలదా, ఈ సీలు పిచ్చేంటని. ఆమెకు కోపం రాలేదు. కిటికీలోంచి చూస్తూ చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం డబ్బులో ఒక కట్ట ఎక్కువ వచ్చిందట. ఇంటికొచ్చి చూసుకుని, మర్నాడే పోయి ఆ గుమాస్తా చేతిలో పెట్టి వచ్చిందట. ఆయన దాన్ని లెక్కలో చూపించలేదు, తర్వాత బదిలీ అయి పోయాడు. ఆడిటువాళ్లొచ్చి ఈమె పేరున బాకీ రాశారు. ఇచ్చేశానంటే కాగితం ఏదన్నారు. ఆ డబ్బు మళ్లీ జీతంలోంచి కట్టింది.

"రెండుసార్లు ఇచ్చినా, దొంగదాన్ని అనిపించుకున్నాను. మంచితనానికి కూడా రసీదు ఉండాల మే" అంది.

శనివారం పోయింది, మిషను ఎవరో కొనుక్కున్నారు. నేను తొక్కుడు మిషను మీదే యూనిఫారాలు మొదలుపెట్టి, టీచరమ్మను మనసులో తిట్టుకుంటూ తొక్కాను. రెండో రోజు మధ్యాహ్నం ఆమె సూదీ దారం పట్టుకుని వచ్చి కూర్చుంది. "గుండీలు నాకియ్యి" అంది. అట్లా రెండు వారాలపాటు రోజూ వచ్చింది. ఎంత గట్టిగా కుట్టేదంటే, చొక్కాలు చినిగినా ఆ గుండీలు ఊడవని ఆ బడి వాళ్లే అన్నారు. కూలి ఇస్తానంటే "నీ దగ్గర అంత డబ్బు ఎక్కడుండాది, అది బ్యాంకుది గదా" అని నవ్వింది. గడువుకి ఒకరోజు ముందే ఆర్డరు అందించాం. ఆ కూలిలో కొంత ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద నా తొక్కుడు మిషనుకే మోటారు బిగించుకున్నాను.

ఆ తర్వాతే బ్యాంకు నుంచి ఫోను. ఖాతా ఆపేశామని, పరాయి డబ్బు వాడుకుని ఉంటే కేసవుతుందని ఎవరో గట్టిగా మాట్లాడారు. అప్పుడు గుర్తొచ్చింది బిస్కెట్ల డబ్బా. రెండో కాపీ తీసుకుని పోయి మేనేజరు ముందు పెట్టాను. ఆయన సీలూ తారీఖూ చూసి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. సాయంత్రానికి నా ఖాతా నాకు వచ్చింది, ఆ డబ్బు దాని మనిషికి పోయింది. అనుమసముద్రంపేటలో దర్గా దగ్గర చిన్న అంగడి పెట్టుకున్న ఒకామెదట అది, సరుకు కోసం తీసుకున్న అప్పు. బ్యాంకులో ఒక అంకె తప్పు కొట్టారు. ఆమె మిఠాయి పొట్లంతో మా వీధికి వచ్చి, టీచరమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. టీచరమ్మ రెండు ముక్కలు తీసుకుని, ఒకటి డబ్బాలో దాచింది.

మంగళవారం పూలదండ తేవడానికి సొరుగు తీశాను. అంతకుముందు వారం జాకెట్టు కూలి కింద టీచరమ్మ ముందుగానే ఇచ్చిన ఐదు వందల నోటు పైనే ఉంది. కూలి మూడొందలు, మిగతా రెండొందలు అప్పుడే ఇచ్చేశాను. నోటు తీస్తే రెండుగా విడింది. కొత్త నోట్లు, అంటుకుని వచ్చాయి. వేలు తడిచేసుకుని రెండుసార్లు లెక్కపెట్టే మనిషి. చూపు తగ్గిందని చెప్పనేలేదు. తెలిసే పెట్టిందేమో అని కూడా అనిపించింది. మోటారుకి వాయిదాలు ఉన్నాయని ఆమెకు తెలుసు. ఏదైనా అడగడానికి మనిషి లేదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక కాగితం తీసుకుని రాశాను. 'టీచరమ్మ గారికి, నాది కాని నోటు ఒకటి నా సొరుగులో పడింది. తిరిగి ఇస్తున్నాను.' రెండు కాపీలు. నెల్లూరు నుంచి వచ్చిన ఆమె మేనల్లుడి చేతిలో నోటుతోపాటు పెట్టాను.

"ఉంచుకో అక్కా, ఐదొందలకి ఇదేంది" అన్నాడు.

"రెండోదాని మీద సంతకం పెట్టు నాయనా" అన్నాను.

నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. సంతకం పెట్టాడు. నేనడగకుండానే తారీఖు కూడా వేశాడు. ఆమె మేనల్లుడే కదా.

ఆ కాగితం ఇప్పుడు నా మిషను సొరుగులో ఉంది. సీలు మాత్రం లేదు. ఉంటే ఆమె ఒప్పుకునేది.