ఆరితే ముదిరే ఎరుపు

నన్ను కన్న అవ్వ సంవత్సరీకం పద్దెనిమిది రోజులుందనగా నేను అక్రిలిక్ రంగులు కొన్నాను. అంతకుముందు కుంచె పట్టి ఎరుగను. ఆదిలాబాద్‌లో మట్టి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. నాకు తెలిసిన రంగులన్నీ పరీక్షనాళికల్లోవే.

కారణం మా నాన్న, బాపు. దండ వేసి పెట్టడానికి అవ్వది ఓటరు కార్డు కోసం తీసిన ఫొటో ఒక్కటే ఉంది. అందులో ఆమె ఎవరో గద్దించినట్టు బిగుసుకుపోయి ఉంటుంది.

"గా ఫొటో పెడితే నేను అటుదిక్కు గూడ సూడ. గది మీ అవ్వ కాదు," అన్నాడు బాపు. మిరపపండు రంగు చీరలో ఉంటేనే అవ్వ అట.

ఆ చీర నూలుకు రంగు వేసింది ఆయనే. కరీంనగర్ పక్కనున్న మా నేతన్నల ఊళ్లో ఏళ్ల తరబడి అదే ఆయన పని. చీర చిరిగిపోగా మిగిలిన జానెడు కొంగుముక్కను, బాపు దగ్గరుండే మా అక్క పంపించింది.

ముఖం సంగతి తొందరగానే తేలింది. ఫొటోను పెద్దది చేయించి, గళ్లు గీసి, అవే గళ్లను రెండింతలు చేసి కాన్వాసు మీదికి దించాను. పెదవుల బిగువు మాత్రం కొంచెం సడలించాను. ఎంత సడలించాలో చెప్పే కొలత దొరకలేదు.

చీర దగ్గర చిక్కుపడ్డాను. ఎరుపు నాలుగు మిల్లీలీటర్లు, పసుపు ఒకటి, సిరంజితో కొలిచి కలిపాను. పళ్లెంలోని రంగు కొంగుముక్కతో సరిపోయింది. సరిపోగానే, ఆలోచించకుండా, ఇంకో రెండు చుక్కల గోధుమరంగు వేశాను. ఎందుకు వేశానో ఆ క్షణాన నన్నడిగితే చెప్పలేకపోయేవాణ్ని. రంగు గంగాళంలోంచి తీసిన నూలు చిలప, అంటే దారపు కట్ట, కావలసినదానికంటే ఒక మెట్టు ముదురుగా ఉండాలి. ఎండకు ఆరితే తేలి లేతబడుతుంది. మా ఇంట్లో అది ఎవరూ నేర్పకుండానే అబ్బేది.

ఇరవై నిమిషాల్లో కాన్వాసు మీది చీర కందిపోయిన గాయంలా తయారైంది. రెండోసారి చుక్కలు తగ్గించాను. అప్పుడూ ముదిరింది. ట్యూబులైటు మోసం చేసిందేమోనని మూడోసారి కిటికీ దగ్గర కలిపాను. నాలుగోసారి సిరంజినే అనుమానించాను. ప్రతి ప్రయత్నాన్నీ నోటుపుస్తకంలో రాశాను, పట్టికలో తప్పు కనిపించలేదు. చివరికి ఒకే రంగును పది నిమిషాల తేడాతో పక్కపక్కన పూసి చూస్తే తెలిసింది. అక్రిలిక్‌లోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక గాజులా మారుతుంది. అందుకే ఈ రంగు ఆరినకొద్దీ ముదురుతుంది. అంటే నూలు నడిచే దారికి సరిగ్గా ఎదురుదారి. ఇంటి అలవాటే నన్ను ఇన్నిసార్లు తప్పుదారి పట్టించిందన్నమాట.

కొత్త కాన్వాసు మీద మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఒక మెట్టు తేలికగా కలిపాను. ఆరాక కొంగుముక్కను ఆనించి చూస్తే అంచు ఎక్కడో కనిపించలేదు. బస్సులో ఒరుసుకుపోకుండా, పాడైన కాన్వాసునే దానికి అడ్డంగా కట్టి ఊరికి తీసుకెళ్లాను.

"పదిహేను రోజులు సిరంజి పట్టుకొని కూసున్నవట, చీరకు సూదిమందు ఏసినవా ఏందిరా?" అంటూ అక్క తాడు విప్పింది. బొమ్మ చూసి నవ్వు ఆపేసింది. "అచ్చం గదే చీర."

బాపు చాలాసేపు చూశాడు. "మంచిగుంది," అన్నాడు. "ఎవలది?"

అక్క ఏదో సర్దిచెప్పబోయింది. ఇంతలో ఆయన చూపు గోడకు ఆనించిన పాడైన కాన్వాసు మీద పడింది. లేచి దాని దగ్గరికి వెళ్లాడు.

"గిది," అన్నాడు. "గీమె."

"బాపూ, అది పాడైంది. ఇగో, కొంగుముక్క పెట్టి సూడు. కలుస్తలేదు."

"ముక్క రంగు గదే. కాదంటలేను గదా."

"మరి?"

"తడి చిలపలు భుజాల మీదేసుకొని ఆరేయనీకి మోసేది మీ అవ్వ. పొద్దుమాపు గదే పని. గా చీర ఎన్నడన్న ఆరిందారా?"

నేను రెండు బొమ్మలనూ మార్చిమార్చి చూశాను. ఒకదాని పక్కన కొలత ఉంది, సాక్ష్యం ఉంది. రెండోదాని పక్కన బాపు నిలబడి ఉన్నాడు. ముఖాలు రెండూ ఒకే గళ్లలోంచి వచ్చినవి. ఏది తప్పో చెప్పడానికి ఏ పద్ధతి వాడాలో నాకు తోచలేదు, ఇప్పటికీ తోచదు.

"భుజం కాడ జర ఇంకింత ముదురుండాలె," అన్నాడు.

"ఎంత?"

"ఎయ్యి, చెప్త."

సిరంజి తీయలేదు. పళ్లెంలో ఎరుపూ గోధుమా కలుపుతూ భుజం మీద పూస్తూ పోయాను. ఆయన వెనక నిలబడి "ఇంకింత, ఇంకింత" అంటూ, ఒకచోట "బస్" అన్నాడు.

"ఇది ఆరితే ఇంకా ముదురుతది బాపూ. నూలు లెక్క తేలది."

"ఆరనీ, సూద్దాం."

ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. రంగు నా కళ్లముందే ఒక మెట్టు ముదిరింది. ఆయన అనుకున్నదాన్ని అది దాటిందో, అక్కడికే చేరిందో నాకు అంతుపట్టలేదు. అడిగాను. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, గోడను అటుచివర నుంచి ఇటుచివరకు చూశాడు.

"గీమెకు మొల యాడ కొడ్తవు?" అన్నాడు.