భట్టీకి థర్మామీటర్

మా అబ్బా చెయ్యి కాలుతున్న సంగతి ఆయనకంటే ముందు నాకు తెలిసింది. వాసన వచ్చింది.

వరంగల్లో మాకు చిన్న బేకరీ ఉండేది. కట్టెల భట్టీ. నిప్పులు బయటికి లాగి, లోపల చెయ్యి పెట్టి, పది లెక్కపెట్టేలోగా తీయాల్సి వస్తే వేడి సరిపోయినట్టు. అదే అబ్బా కొలత. ఆ రోజు పది దాటింది, పదిహేను దాటింది. ఆయన ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. నేను భుజం పట్టి వెనక్కి గుంజాను. వేళ్ల మీద తోలు లేచిపోయింది.

చక్కెర జబ్బుతో చేతుల్లో స్పర్శ పోయిందని దవాఖానలో చెప్పారు. అబ్బా ఒప్పుకోలేదు. "కట్టెలు పచ్చియి. వేడి లేకుండె, అందుకే తెల్వలే" అన్నాడు. కట్టు విప్పకముందే రెండో చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు.

నాకు కుదురు పోయింది. ఇంట్లో పొయ్యి మీద అన్నం పెట్టి బేకరీకి ఉరికేదాన్ని, ఆయన్ని చూసి మళ్లీ ఉరికొచ్చేదాన్ని.

థర్మామీటర్ కొందామని బయల్దేరాను. మందుల షాపులో జ్వరానిది చూపించారు. కాలేజీ సామాన్లమ్మే చోట పొడుగాటి గాజుది, పాదరసంది దొరికింది. దాన్ని కాజీపేటలో రైలింజన్లు బాగుచేసే మామూకి చూపించాను. అమ్మకు తమ్ముడాయన.

"గాజు పగిల్తే పాదరసం రొట్టెలల్ల పడ్తది. వాపస్ ఇచ్చెయ్ బేటా. ఇనుప కాడ, ముల్లు తిరిగే డయలున్నది తీస్కో. కాడ గోడ మందం కంటె పొడుగుండాలె."

గోడ మందం పుల్లతో కొలిచి, ఆ పుల్ల పట్టుకొని హైదరాబాద్ పోయాను. షాపాయన ముందు లోపల వేలాడదీసేది చూపించాడు. చూడాలంటే ప్రతిసారీ మూత తియ్యాలి, వేడంతా పోతుంది. కాడ పక్కన పుల్ల పెట్టి కొలిచి, అంతకంటే పొడుగున్నది తెచ్చాను.

మామూ గోడకు పైన రంధ్రం చేసి బిగించాడు. అబ్బా వీపు తిప్పి కూర్చున్నాడు. మొదటిరోజు రొట్టెలు అడుగున మాడి, పైన తెల్లగా వచ్చాయి. రెండోరోజూ అంతే.

"నీ మిషిను గాలి జ్వరం జూస్తాంది" అన్నాడు అబ్బా. "రొట్టె కాలేది కింద బండ మీద."

నిజమే. మామూ మళ్లీ వచ్చి బండకు కొంచెం పైన బిగించాడు. అబ్బా చిటికెడు పిండి బండ మీద చల్లి, అది గోధుమరంగు తిరగ్గానే "ఇప్పుడు జూడు" అన్నాడు. ముల్లు ఆగిన చోట ఎర్ర రంగు గీత పెట్టాను. ఆ వాయి చక్కగా వచ్చింది.

మర్నాడు మళ్లీ చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. నేను భట్టీకి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు."

"జరగ."

"గిన్నేండ్ల సంది ఈ చెయ్యే చెప్పింది."

"ఇప్పుడు చెప్తలేదు అబ్బా."

అనాలనుకోలేదు. నోరు జారింది. ఆయన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకొని బయటికి పోయాడు. మూడు రోజులు భట్టీ వైపు రాలేదు. ముందర గల్లా దగ్గరే కూర్చున్నాడు. అన్నది తప్పో ఒప్పో తేలక నేను పిండి పిసుకుతూ, వదిలేస్తూ, మళ్లీ పిసుకుతూ ఉన్నాను.

నాలుగోరోజు గల్లా దగ్గర్నుంచి, తల తిప్పకుండానే అడిగాడు.

"ఎంతుంది?"

"గీతకు జర కిందుంది."

"ఇంకో రెండు కట్టెలెయ్యి."