పది గీతలు

బోథ్‌లో అందరూ నన్ను నర్సమ్మ అని పిలిచేవారు. ఒంట్లో బాగాలేకపోతే పిలిచేవారు, పెళ్లయితే పిలిచేవారు కాదు. సాలెవాళ్ల పిల్ల మగ్గం వదిలేసి పరాయి మగవాళ్ల చేతులు పట్టుకుని సూదులు వేయడమేమిటని మెట్‌పల్లిలో మా వాళ్లకే నచ్చలేదు, ఇక ఊరుకాని ఊరివాళ్లను ఏమనాలి? దవాఖాన వెనక నాకు ఒక గది ఇచ్చారు. వండుకుని, తిని, గిన్నె కడుక్కుని, గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. కొన్ని ఆదివారాలు పొద్దుగూకేదాకా ఎవరితోనూ ఒక్క మాట ఉండేది కాదు. నోరు పడిపోతుందేమోనన్న భయంతో ట్రైనింగులో నేర్చుకున్న మందుల లెక్కలు పైకి చదువుకునేదాన్ని. ఇవ్వాల్సింది ఎంత, బుడ్డిలో ఉన్నది ఎంత, దీన్ని దానితో భాగించు. నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఏడుపొచ్చేది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త అది. డాక్టరుగారు ఆదిలాబాద్ నుంచి వారానికి ఒకసారి వచ్చేవారు. మిగతా రోజులు దవాఖానకు నేనూ, ఒక ముసలి కాంపౌండరూ దిక్కు.

ఊళ్లో నన్ను లోపలికి రమ్మన్న ఇల్లు ఒక్కటే. పత్తి వ్యాపారం చేసే సాహెబుగారిది. ఆయన భార్యకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున తిండికి ముందు ఇరవై యూనిట్ల ఇన్సులిన్ పడాలి. ఆమె పర్దా దాటి రాదు కాబట్టి నేనే వెళ్లేదాన్ని. సూది వేశాక పీట వేసి కూర్చోబెట్టేవారు. ఆ ఇంటి కోడలు చాయ్ తెచ్చేది. ఆ పిల్లది మా మెట్‌పల్లే. భర్త పత్తి కొనడానికి ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. ఆమె నన్ను ఆపా అనేది, అంటే అక్కా అని. సంతబజారులో ఫలానా గాజుల దుకాణం ఉన్నదా, మా గల్లీ బావి నిండిందా అని అడిగిందే అడిగేది. నేను మెట్‌పల్లి వెళ్లి ఏడాది దాటినా, ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. ఆ పావుగంట కోసమే తెల్లారేదాకా ఎదురుచూసేదాన్నని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అప్పటి ఇన్సులిన్ సిరంజి గాజుది. ఒక్క సీసీ పట్టే సన్నని గొట్టం, దాని మీద ఇరవై గీతలు. గీతకు ఎన్ని యూనిట్లో సిరంజి చెప్పదు, బుడ్డి చెబుతుంది. బుడ్డి మీద నలభై అని ఉంటే సీసీకి నలభై యూనిట్లు, గీతకు రెండు. ఎనభై అని ఉంటే గీతకు నాలుగు. మాకు వచ్చేది ఎప్పుడూ నలభై బుడ్డే. ఇరవై యూనిట్లంటే పది గీతలు.

మెట్‌పల్లిలో మా అవ్వకు జబ్బు చేసిందని కబురొస్తే అయిదు రోజులు సెలవు పెట్టాను. కాంపౌండరు మగమనిషి, ఆ ఇంట్లోకి రానివ్వరు. అందుకని సూది వేయడం కోడలికి నేర్పాను. మరగబెట్టడం, బుడగలు పోగొట్టడం, తొడ మీద చర్మం పట్టుకోవడం ఒక్కరోజులో పట్టేసింది. మంచి చేయి. ఉర్దూలో నాలుగో తరగతి చదివిన పిల్ల. బుడ్డి తిప్పి తిప్పి చూసి, దీని మీద ఏం రాసి ఉందని అడిగింది.

"అది నీకెందుకు? పది గీతలు యాది పెట్టుకో, చాలు" అన్నాను.

నాకు నా చదువంటే కాస్త పొగరు ఉండేది. వంటింట్లో ఉండే పిల్లకు భాగహారం ఎందుకు అనుకున్నాను.

అవ్వ తేరుకుంది. ఆరో రోజు నిర్మల్‌లో బస్సు మారి మధ్యాహ్నానికి బోథ్‌లో దిగాను. సంచి గదిలో పెట్టకముందే సాహెబుగారి మనిషి పరుగున వచ్చాడు. వెళ్లేసరికి ఆమె మంచం మీద చెమటలో తడిసి ముద్దయి ఉంది. పెదవులు వణుకుతున్నాయి. భర్తనూ కోడలినీ పోల్చుకోవడం లేదు. పొద్దున సూది పడ్డాక రెండు ముద్దలు తిని వద్దన్నదట. చూడగానే తెలిసింది, ఒంట్లో చక్కెర పడిపోయింది. చక్కెర తెమ్మన్నాను.

సాహెబుగారు కదల్లేదు. "చక్కెర ఈమెకు జహర్ అని మీరే చెప్పిన్రు గద నర్సమ్మా" అన్నారు.

నిజమే. ఆమె దొంగచాటుగా మిఠాయిలు తింటున్నదని తెలిసి ఆ ఇంట్లో చక్కెరనూ బెల్లాన్నీ పెట్టెలో పెట్టించి తాళం వేయించింది నేనే. నోట్లో పడితే ప్రాణం పోతుందని బెదిరించాను కూడా. నేను బెదిరిస్తే ఎవరైనా బెదరాల్సిందే. ఇప్పుడు అదే చక్కెర పెట్టకపోతే ప్రాణం పోతుందంటే వాళ్లు ఎలా నమ్ముతారు? తాళంచెవి దుకాణంలో ఉందన్నారు. నేను గొంతు చించుకుంటున్నాను. అంతలో కోడలు వంటింట్లోకి వెళ్లి బియ్యం కుండలోంచి ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంట్లో అందరూ తీపి లేని చాయ్ తాగుతుంటే నా కప్పులోకి మాత్రం తీపి ఎక్కడిదని నేను ఏనాడూ ఆలోచించలేదు.

చక్కెర తడిపి చెంప లోపల రుద్దాను. మింగడం మొదలుపెట్టాక చెంచాతో షర్బత్ పోశాను. కొంతసేపటికి ఆమె కళ్లు తెరిచి, ఇంతమంది ఎందుకున్నారని అడిగింది. అప్పుడు గూట్లోంచి బుడ్డి తీసి చూశాను. ఎనభై. నలభైది దొరక్క సాహెబుగారు ఆదిలాబాద్ నుంచి అదే తెచ్చారు. ఆ పొద్దునే కొత్తగా తెరిచారు. కోడలు నేను చెప్పినట్టే పది గీతలు తీసింది, అంటే నలభై యూనిట్లు.

"పదే తీసిన అంటది. పదైతే గిట్లెందుకైతది?" అని సాహెబుగారు నన్ను అడిగారు.

జవాబు నా చేతిలోనే ఉంది. చెబితే రేపటి నుంచి ఈ గడప తొక్కనివ్వరని అనిపించింది. రేపటి నుంచి నేనే వేస్తానని మాత్రం చెప్పి బుడ్డి గూట్లో పెట్టేశాను. అంతకన్నా పిరికి పని నేను జీవితంలో చేయలేదు.

ఆ తరువాత కోడలిని అత్త మంచం దగ్గరికి రానివ్వలేదు. చక్కెర దాచిందని ఇంకో నేరం. అత్త ఆమె చేతి మంచినీళ్లు కూడా తాగలేదు. వంటకు వేరే మనిషిని పెట్టారు. పిల్లను తీసుకుపొమ్మని మెట్‌పల్లికి ఉత్తరం రాస్తామన్నారు. నేను రోజూ వెళ్లి, ఎనభై బుడ్డిలోంచి అయిదు గీతలు తీసి సూది వేసేదాన్ని. కోడలు గుమ్మం దగ్గర నిలబడి చూసేది. నాకు చాయ్ ఇవ్వడం మాత్రం ఆమెకే వదిలేశారు. ఆ చాయ్ పదకొండు రోజులు తాగాను.

పన్నెండో రోజు నా వల్ల కాలేదు. సూది వేసి, సాహెబుగారితో మాట్లాడాలని లేచాను. పర్దా దగ్గర కోడలు నా మణికట్టు పట్టుకుంది.

"నాకు ఎరుకే ఆపా. అయిదు గీతలే తీస్తున్నరు గద" అంది చిన్నగా. "చెప్పకుండ్రి. చెప్తె మామ మిమ్ముల రానియ్యడు. తిట్లు పడుడు నాకు అలవాటే. మీరు రాకుంటె నేను ఎవలతోని మాట్లాడాలె?"

చేయి విడిపించుకున్నాను. వెళ్లి సాహెబుగారితో అంతా చెప్పాను. బుడ్డి మారిందని, లెక్క నేర్పకుండా గీతలు నేర్పింది నేనని, ఆ పిల్ల తప్పు పిసరంత కూడా లేదని. ఆయన కోప్పడలేదు. మంచిది నర్సమ్మా అని లేచి నిలబడ్డారు. గదికి వచ్చి ఆ రోజు కడుపునిండా తిన్నాను. గుండె మీంచి బండ దింపినట్టుంది.

మూడో రోజు భార్యను ఆదిలాబాద్‌లో పెద్దకొడుకు ఇంటికి పంపేశారు. పెద్ద దవాఖాన ఉంది, అక్కడే సూదులు. ఈ ఇంట్లో రోగి లేకపోయాక నర్సమ్మకు ఏం పని? కోడలు మాత్రం మగవాళ్లకు వండిపెట్టడానికి ఇక్కడే ఉండిపోయింది. నిజం చెప్పి బరువు దింపుకున్నది నేను. ఆమె ఏం కోరిందో నా చేయి పట్టుకుని మరీ చెప్పింది, నేను వినలేదు.

నెల తరువాత ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్లి తలుపు కొట్టాను. పనామె సందు చేసి చూసింది, ఇంట్లో అందరికీ ఒంట్లో బాగానే ఉందంది. లోపలి నుంచి కోడలి గొంతు, ఎవలొచ్చిన్రు అని అడిగింది.

"ఎవ్వలు లేరు" అని పనామె తలుపు వేసింది.

నేనని ఒక్క కేక వేస్తే ఆ పిల్లకు వినబడేది. ఆ పూట నాకు నోరు రాలేదు.