ఇస్తారి దిద్దిన మూడు వాక్యాలు

కరీంనగర్ గ్రంథాలయంలో ఇస్తారి అటెండరు. అదీ కచ్చా నౌకరీ. మూడేళ్లుగా ప్రతి మార్చిలో తీసేసి, ఏప్రిల్‌లో మళ్లీ పెట్టుకుంటున్నారు. పుస్తకాల దుమ్ము దులపాలి, పేపర్లు కుట్టాలి, కమిటీ పెద్దలొస్తే చాయ్ తేవాలి. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత దులిపిన పుస్తకమల్లా చదివాడు. నిఘంటువు ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషూ నేర్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చదువుకున్న అటెండరు కంటే చదువురాని అటెండరుకే ఈ లోకంలో అన్నం భద్రంగా దొరుకుతుందని అతని నమ్మకం.

1962 వేసవిలో అతని నౌకరీ పక్కా చేసే కాగితం కమిటీ అధ్యక్షుడు జలపతిరావు బల్ల మీదికి వచ్చింది. ఆయన పేరున్న వకీలు, ఒకప్పటి దేశ్‌ముఖుల బిడ్డ. వాళ్ల కోటలాంటి గడి ముందే ఇస్తారి తండ్రి కొమురెల్లి, ఎదురు మాట్లాడినందుకు, ఒక పగలంతా నెత్తిన రాయి మోస్తూ నిలబడ్డాడు. గడి పాడుబడింది, నిజాం పోయాడు, రాష్ట్రం పేరు మారింది, కొమురెల్లీ చచ్చిపోయాడు. దొర చెప్పుల చప్పుడు వింటే ఇస్తారికి మాత్రం ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.

ఆ రోజుల్లోనే జలపతిరావు అతన్ని ఇంటికి పిలిచాడు. హైదరాబాదులో ఒక సంఘం తెలుగులో విజ్ఞాన సర్వస్వం వేస్తోంది. ఆటల మీద వ్యాసాలు ఈయన రాస్తున్నాడు. చేతిలో ఉన్నది, ఉత్తరాన ఏదో దేశంలో గడ్డకట్టిన సరస్సు మీద అరవై ఏళ్ల కిందట జరిగిన జారుడు పందెం గురించి.

"నీ అక్షరాలు మంచిగుంటయిరా. శనివారం దాకా సాఫు రాసి తే. తప్పులుంటే చూడు," అని, తన మాటకు తానే నవ్వాడు. "నువ్వేం చూస్తవ్ గని, సున్నాలు గిన్నాలు పోకుండ చూడు."

ఇస్తారి చూశాడు. అదే అతను చేసిన పొరపాటు.

బూట్ల కింద ఉక్కు పట్టీలు కట్టుకుని ఇద్దరిద్దరు చొప్పున పరుగెత్తారట. తక్కువ సమయం పట్టినవాడు గెలిచినట్టు. గెలిచినవాడు పొద్దున్నే మొదటి జతలో పరుగెత్తి, పది వేల మీటర్లు పదిహేడు నిమిషాల చిల్లరలో ముగించి, తన కాలాన్ని ఎవడు దాటుతాడోనని సాయంత్రం దాకా గట్టున కూర్చున్నాడు. జలపతిరావు ఇలా రాశాడు: "మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి నున్నబడింది. నున్నదనం పెరిగినకొద్దీ వేగం పెరిగింది. వెనుక జతల్లో పరుగెత్తినవారిదే అదృష్టం." దాని కిందే కాలాల పట్టిక. అందులో ఎంత వెనుక జతలో పరుగెత్తినవాడికి అంత ఎక్కువ సమయం పట్టింది. చివరి జతకు పందొమ్మిది నిమిషాలు దాటింది.

దొరను తప్పుపట్టడానికీ లేదు. తడి బండ మీద కాలు జారి పడినవాడెవడైనా అలాగే రాస్తాడు. ఆధారంగా వ్యాసానికి గుచ్చిన ఇంగ్లీషు పత్రిక కాగితంలోనూ ఎండ వచ్చిందని ఉంది కానీ, ఎండ ఏం చేసిందో లేదు.

మర్నాడు ఇస్తారి కూరగాయల కత్తి పట్టుకుని ఐసు అమ్మే ముత్తయ్య దగ్గరికి పోయాడు. వరంగల్ నుంచి ఐసు లారీ అప్పుడే వచ్చింది.

"ఏందిరో, ఐసును కోస్తవా, నన్ను కోస్తవా?" అన్నాడు ముత్తయ్య.

"జర ఆగు కాకా. ఒక ముచ్చట చూడాలె."

ఐసు మీద కప్పిన వరిపొట్టులోంచి తీసిన నడిమి గడ్డ పొగలు కక్కుతోంది, వేలికి అంటుకుంటోంది. దాని మీద కత్తి అంచు ఆనించి నెడితే సర్రున పోయింది. ఎండలో పెట్టిన గడ్డ మీద అదే కత్తి రెండంగుళాలు పోయి, మెత్తటి పొరలో దిగబడి ఆగింది. మళ్లీ నెట్టాడు. మళ్లీ ఆగింది.

"లైబ్రరోళ్లకు పని లేకుంటే గిట్లనే అయితది," అని ముత్తయ్య చుట్టూ ఉన్నవాళ్లను పిలిచి మరీ చూపించాడు.

ఇస్తారి సాఫు ప్రతిలో ఆ మూడు వాక్యాలు తీసేసి, మెత్తబడిన మంచులో పట్టీ దిగబడి వేగం చస్తుందని రాశాడు.  సిరా ఆరాక గానీ తను చేసిందేమిటో తెలిసిరాలేదు. చెప్పి ఒప్పించవచ్చు అనుకున్నాడు. శనివారం దొర ముందు నిలబడి, "దొరా, ఒక్క మాట..." అన్నాడు.

జలపతిరావు కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఏంది?"

"టపా టైమైతుంది," అని ఇస్తారి మాట మార్చి సాఫు ప్రతి ముందుకు జరిపాడు.

దొర చదవకుండానే వ్యాసం కింద సంతకం చేశాడు.

ఇక అప్పటినుంచి ఇస్తారికి తిండి సయించలేదు. తపాలా జవాను సైకిల్ గంట మోగితే బీరువాల చాటుకు పోయేవాడు. తాను దిద్దిందే తప్పయితే? తప్పు కాకపోయినా, దొర పేరు కింద తన మాట పెట్టడం దొంగతనం కాదా? బీడీలు చుడుతూ తల్లి రాజక్క రోజూ ఒకటే అడిగేది. "నౌకరీ కాగితం మీద దొర సంతకం పెట్టిండా బిడ్డా?"

"పెట్టలే అవ్వా."

"జర మంచిగుండు. ఎదురు మాట్లాడకు."

నాలుగో వారం దొర కబురంపాడు. పోయేసరికి తలుపు వేసి, ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. మంచు గురించిన వివరణ చాలా బాగుందని, దానికి ఆధారం తెలపమని సంఘంవాళ్లు రాశారు.

"గిది నేను రాసిన్నా?"

ఇస్తారి ఉత్తరాన్ని బల్ల మీద పెట్టాడు. "నేనే మార్చిన దొరా. పట్టికతోని కలుస్తలేదు. ఐసు మీద కత్తి నడిపి చూసిన."

తిట్టు పడుతుందని కళ్లు మూసుకున్నాడు. పడలేదు. కళ్లు తెరిస్తే దొర మొహం పాలిపోయి ఉంది. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఎవలెవలకు చెప్పినవ్?"

"ఎవలకు చెప్పలే దొరా."

"ఎవలు చూడలేనా?"

"చూడలే."

జలపతిరావు నౌకరీ కాగితం తీసి సంతకం చేశాడు. సంఘానికి జవాబు ఇస్తారి చేతనే రాయించాడు: ఆధారం, నా స్వీయ పరిశీలన. దాని మీదా సంతకం చేశాడు. తర్వాత కుస్తీ మీద, పడవ పందేల మీద రాసినవి ఒక కట్ట చేతికిచ్చాడు.

"గివి గూడ చూడు. మీ ఇంట్లనే, లైబ్రరీల కాదు. గీ ముచ్చట బయటకు పొక్కిందనుకో, సంతకం పెట్టిన చెయ్యికి దాన్ని కొట్టెయ్యడం రాదనుకోకు."

రాజక్క కొడుకు నోట్లో బెల్లం ముక్క పెట్టింది. "ఇగ ఫికర్ లేదు బిడ్డా!"

ఇస్తారి దాన్ని బుగ్గన పెట్టుకునే చెప్పులు వేసుకున్నాడు. "ముత్తయ్య కాకతోని పనుంది."

నెల రోజులుగా ముత్తయ్య ఐసు కొనే ప్రతివాడికీ కత్తి కథ చెప్పి నవ్విస్తున్నాడు. దొర పోయే కచేరీ గుమాస్తాలూ అక్కడే సోడా తాగుతారు; వాళ్ల నోట అది దొర చెవిన పడొచ్చు. చెప్పొద్దు అంటే ముత్తయ్య ఇంకో నలుగురికి చెబుతాడు. అనకపోతే ఎటూ చెబుతూనే ఉంటాడు. బజారు మలుపులో ఇస్తారి ఆగిపోయాడు. అవతల దుకాణం ముందు ఎవరో గొల్లున నవ్వారు. ఎందుకు నవ్వారో చూడటానికి ముందుకు అడుగు పడలేదు, వెనక్కి తిరగడానికీ ధైర్యం చాలలేదు.