నార్మల్ అన్న ఆ ఒక్క మాట

నిన్న మా మనవరాలు ఫోనులో స్పానిష్ పాఠం వింటూ, అమ్మమ్మా, ఈ నార్మల్ అనే మాట ఇంగ్లీషులోనూ, స్పానిష్‌లోనూ, ఫ్రెంచిలోనూ, పోర్చుగీసులోనూ ఒకటేనట, తెలుసా అంది. సరదాకే అంది పాపం. ఆ మాట నేను మొట్టమొదట విన్నది ఏలూరు ఆసుపత్రి వరండాలో, మా నాన్నగారి పక్కన నిలబడి.

మా అక్క అత్తవారిది తాడేపల్లిగూడెం. వీధి చివరే డాక్టరమ్మ ఉండేదండీ. అయినా తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలని నాన్నగారు పట్టుబట్టి, వానాకాలం కదండీ అని అక్క అత్తగారు నసుగుతున్నా వినకుండా, కొల్లేటి నడుమనున్న మా లంకకు తీసుకొచ్చేశారు. అబ్బో, పంతమంటే పంతమే ఆయనకి! పిల్లను పురిటికి తెచ్చుకోకపోతే నలుగురిలో తలెత్తుకోలేమనుకునే రోజులు, మీకు నేను చెప్పాలా.

నొప్పులు మొదలయ్యేసరికి కొల్లేరు పొంగి బాట మునిగిపోయింది. తెల్లారేదాకా చూసిన మంత్రసాని, బిడ్డ కిందికి దిగడంలేదు, ఇక నావల్ల కాదమ్మా అనేసింది. అక్కను దోనెలో పడుకోబెట్టి, అమ్మ తన ఒళ్ళో అక్క తల పెట్టుకోగా, నాన్నగారు ఎదురుగాలికి గెడ వేస్తుంటే, నేను లోపలికొచ్చే నీళ్ళు చెంబుతో తోడిపోస్తూ కూర్చున్నాను. కాసేపటికి అక్క కేకలు ఆగిపోయాయి. అమ్మా, కళ్ళు తెరువమ్మా అంటూ నాన్నగారు గెడ వేస్తూనే పిలుస్తున్నారు, అక్క పలకదు.

గట్టెక్కి, దొరికిన లారీలో ఏలూరు చేరితే, ఇంత ఆలస్యమేమిటండీ, ఏ సంగతీ చెప్పలేమని డాక్టరుగారు కసిరి, అక్కను లోపలికి తీసుకెళ్ళారు. నాన్నగారు గోడకు చేరబడి, నా తల్లిని చేతులారా చంపుకుంటున్నానే అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎంతసేపటికో నర్సు తలుపు తీసి, నార్మలేనండీ, ఇద్దరూ బాగున్నారు అంది. నాన్నగారు ఆవిడకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టారు.

ఇప్పుడు పురుళ్ళన్నీ ఆసుపత్రుల్లోనే. మంచిదే, కాదనను. కానీ పుట్టింట్లో అమ్మ చేత తలంటించుకుని, తను పెరిగిన గదిలోనే పసిదాన్ని పక్కలో వేసుకుని పడుకునే ముచ్చట మా ఇంట్లో అక్కతోనే ఆగిపోయింది. నా తొలి పురుటికి నన్ను ఏలూరులో అత్తవారింటే ఉంచేశారు నాన్నగారు. నేను మూతి ముడుచుకుని, అక్కకేనా పుట్టిల్లు, నాకు లేదా అని నిలదీస్తే, ఆయన తలొంచుకుని, నువ్వు బతికుండాలి తల్లీ అన్నారు.